నీ ప్రతి, నా ప్రతి, మన ప్రతి

సినిమాకి కథ ఒక్కటే గాని, దాని ప్రతులు ఎన్నో. జూబ్లీహిల్స్‌లో రచయిత దగ్గర ఒకటి, ఫిల్మ్‌నగర్ ఆఫీసులో అసిస్టెంట్ డైరెక్టర్ల దగ్గర తలా ఒకటి. ఎవరికి వారే దిద్దుకుంటూ పోతే చివరికి ఏది అసలు ప్రతి? హాలీవుడ్ వాళ్ళు దిద్దిన పేజీలను నీలం, గులాబీ, పసుపు కాగితాల మీద వేసి ఈ చిక్కు తప్పించుకున్నారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ‘వెర్షన్ కంట్రోల్’ ఉంది. 2000లో పని మొదలైన సబ్‌వెర్షన్, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన గిట్ అలాంటివే. మన కథారచనకూ ఈ పద్ధతి మేలని నా అభిప్రాయం. కాని సాధనం వస్తే చాలదు, దానితోపాటు మర్యాదా రావాలి.

సబ్‌వెర్షన్‌లో అసలు ప్రతి సర్వర్‌లో ఉంటుంది. మన దగ్గరున్నది నకలు. ‘అప్‌డేట్’ అనగానే ఇతరుల మార్పులు మన నకలులోకి వస్తాయి. వేర్వేరు చోట్ల దిద్దితే అదే కలిపేస్తుంది. ఇద్దరూ ఒకే వాక్యం మీద చెయ్యి వేస్తేనే పేచీ. ‘హీరో రైలు దిగాడు’ అన్నదాన్ని ఒకరు ‘హీరో బస్సు దిగాడు’ అన్నారు, మరొకరు ‘హీరో తమ్ముడితో రైలు దిగాడు’ అన్నారు. యంత్రం తీర్పు చెప్పదు. రెంటినీ గుర్తులు పెట్టి చూపిస్తుంది. తేల్చామని మనం ‘రిజాల్వ్’ చెప్పేదాకా కమిట్ చెయ్యనివ్వదు.

ఇక్కడే మనిషి బుద్ధి బయటపడుతుంది. ‘నాదే ఉంచు’, ‘వాళ్ళదే ఉంచు’ అని ఒక్క దెబ్బతో తేల్చే ఆజ్ఞలున్నాయి. తొందరలో సీనియర్ ‘నాదే’ అంటాడు, మొహమాటపడి జూనియర్ ‘వాళ్ళదే’ అంటాడు. ఎటు తిరిగినా ఒకరి కష్టం గల్లంతే! ‘హీరో తమ్ముడితో బస్సు దిగాడు’ అన్న వాక్యం ఇద్దరూ మాట్లాడుకుంటే గాని పుట్టదు.

పేచీ రాలేదు గదా అని మురిసిపోనూ కూడదు. తర్వాతి సీనులో రైల్వే కూలీ ఉండిపోతే యంత్రం కిమ్మనదు. వాక్యాలు కలిశాయి, కథ కలవలేదు. కనుక కలిపాక మొత్తం చదివి తీరాలి. ఇదంతా మామూలు టెక్స్టుకే సుమా! బొమ్మలు, శబ్దాల ఫైళ్ళను ఇలా కలపడం కుదరదు. వాటికి ముందే తాళం వేసి ఒకరే దిద్దాలి.

మిత్రులారా, రేపు మనలో కొందరం ఆ ఫిల్మ్‌నగర్ గదుల్లో కూర్చోబోయేవాళ్ళమే. రోజూ పని మొదలెట్టే ముందు అప్‌డేట్ చేద్దాం. కొద్దికొద్దిగా దిద్ది కమిట్ చేద్దాం. పేచీ వస్తే, చెరిపే ముందు అవతలివాళ్ళని అడుగుదాం. ఏ మార్పు ఎవరిదో ఆ చరిత్రలో నిలిచిపోతుంది. టైటిల్స్‌లో పేరు పడని అసిస్టెంటుకి కనీసం అక్కడైనా సాక్ష్యం దొరుకుతుంది!