పటం విప్పిన చోటు నుంచే

వరంగల్‌లో యానిమేషన్ స్టూడియో పెడతామంటే, "హైదరాబాద్ పోవాలి గదా" అనేవాళ్లే ఎక్కువ. ఆ మాట మాకు ఒప్పుదల కాదు. అందుకే ఈ సంచికను స్వతంత్ర స్టూడియోలకు కేటాయించాం.

2016లో జిల్లాలు విడిపోయేదాకా చేర్యాల వరంగల్ జిల్లాలోనే ఉండేది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద కులపురాణాలను వరుస బొమ్మలుగా గీసేవారు. కథకులు ఊరి నడుమ ఆ పటం కట్టి, పాడుతూ ఒక్కో ఘట్టమే విప్పేవారు. ఏ బొమ్మ ఎంతసేపు నిలవాలో పాటే తేల్చేది. యానిమేషన్‌కు ప్రాణం కూడా ఆ లెక్కే.

చాకిరీ మాత్రం ఎక్కువ. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా నిమిషానికి 720 బొమ్మలు కావాలి. ఇంత కష్టం పరాయి కథకే పోస్తే మిగిలేది కూలి డబ్బులే. 'లైఫ్ ఆఫ్ పై' విజువల్ ఎఫెక్ట్స్‌కు 2013లో ఆస్కార్ వచ్చిన నెలలోనే, వాటిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అదే హైదరాబాద్‌లో రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ సంస్థ సొంత పాత్రను నమ్ముకుంది. 2008లో పోగో ఛానెల్‌లో మొదలైన ఛోటా భీమ్ ఇంటింటి పిల్లాడయ్యాడు.

మేడారం జాతర, రామప్ప శిల్పాలు, ఒగ్గుకథ పక్కనే ఉన్న మన పిల్లలకు కథల కరువు లేదు. వరంగల్, హనుమకొండలలో బొమ్మలు కదిలిస్తున్నవాళ్లు, గేములు తయారుచేస్తున్నవాళ్లు మాకు రాయండి. నిమిషం నిడివి పనైనా సరే, శ్రద్ధగా చూస్తాం.

— సంపాదకుడు