సిగ్గుబిళ్ళకు తాళం లేదు

సిగ్గుబిళ్ళ ఎప్పుడైనా చూశారా? అమ్మమ్మగారి పాత పెట్టెలో అడుగున దొరుకుతుంది, వెతకండి. రావాకు ఆకారంలో చిన్న వెండి రేకు, పైన మొలతాడు దూరడానికి ఓ కొంకీ. పూర్వం మన ఇళ్ళల్లో ఆడపిల్లకి గౌను తొడిగే వయసు వచ్చేదాకా మొలతాడుకి గుచ్చి కట్టేవారు. కలిగినవాళ్ళు బంగారంతో చేయించేవారు. పిల్ల పరుగెత్తితే అది అటూ ఇటూ ఊగేది, అంతే.

ఈ కాలం అమ్మాయిలు దాన్ని చూసి, "మొగుళ్ళు యుద్ధానికి పోతూ పెళ్ళాలకి తాళం వేసేవారట, ఇదేనా పిన్నీ?" అంటున్నారు. ఇంగ్లీషు సినిమాల మహిమ!

కాదు తల్లీ. ఆ కథ ఐరోపాది. అది కూడా చాలావరకు కట్టుకథేనని పండితులు తేల్చారు. క్రూసేడు యుద్ధాలు 1096లో మొదలై 1291కి ముగిశాయి. ఇనుప నడికట్టు బొమ్మ మొదట కనిపించేదేమో 1405 నాటి కైజర్ అనే ఆయన యుద్ధయంత్రాల పుస్తకంలో. అందులో మనిషిని మాయం చేసే చిట్కాలు కూడా ఉన్నాయి కాబట్టి ఇదీ వేళాకోళమే అంటారు. బ్రిటిష్ మ్యూజియంవారు 1846లో సంపాదించిన నడికట్టు కూడా 18, 19 శతాబ్దాలలో వింత కోసం చేసినదై ఉంటుందని వాళ్ళే చెబుతున్నారు. 2007లో ఆల్బ్రెక్ట్ క్లాసెన్ అనే ఆచార్యుడు దీని మీద ఏకంగా ఓ పుస్తకమే రాశారు.

అసలు ఆడవాళ్ళని ఒక్కమాట అడిగి ఉంటే ఇన్ని శతాబ్దాలు పట్టేదా! స్నానం ఎలా? నెలసరి మాటేమిటి? బందరు ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, చెమట పట్టే ఒంటిమీద ఇనుము ఏమవుతుంది? ఇనుమెందుకు, మన లంగా బొందు చాలదూ? ఏళ్ళ తరబడి ఒకేచోట బిగించి కట్టుకుంటే ఒరుసుకుని పుండై, అది కాన్సరుగా మారిన ఇద్దరు పెద్దవాళ్ళ సంగతి మన దేశపు డాక్టర్లే 2024లో వైద్య పత్రికలో రాశారు. అందుకని సన్నబొందు మాని వెడల్పు పట్టీ కుట్టించుకోండి, ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేసుకోండి. నడుము మీద నల్లమచ్చ, మానని పుండు ఉంటే సిగ్గుపడి దాచకండి.

నడుముకి పెట్టుకునే నగలకి మనకేం తక్కువ? అమరావతి, ఘంటసాల శిల్పాల్లోని ఆడవాళ్ళకి పేటలు పేటలుగా మేఖలలు. కూచిపూడి భామకి వడ్డాణం లేనిదే వేషం నిండదు. చిలకలపూడి రోల్డుగోల్డు వడ్డాణం పెట్టుకుని గుడివాడలో పెళ్ళికి వెళ్ళారంటే అది అసలుదో కాదో ముట్టుకుంటే గానీ తెలీదు. వీటన్నిటికీ ఉండేది మర, లేకపోతే కొక్కెం. తీసేది పెట్టుకున్న మనిషే.

మరి తాళాలే లేవా అంటే, ఉన్నాయి. ఐరోపా రాజులు వేశారో లేదో గానీ, 2012లో ఇండోరులో ఓ మెకానిక్కు అనుమానంతో భార్య ఒంటికి నిజంగానే తాళం వేశాడు. ఆవిడ విషం తాగితే ఆసుపత్రిలో డాక్టర్లు చూసి పోలీసులకి చెప్పారు. రాస్తుంటే చెయ్యి వణికింది.

అంత దూరం వెళ్ళకపోయినా, వీధి తలుపుకి బయట తాళం పెట్టి డ్యూటీకి పోయే మొగుళ్ళు లేరూ? రోజూ సాయంత్రం ఫోను లాక్కుని ఎవరితో మాట్లాడావని లెక్క అడిగేవాళ్ళు? "నామీద ప్రేమండీ, అందుకే" అని సర్దుకునే సోదరీమణులకి ఒక్క సంగతి. మనిషిని ఇంట్లో పెట్టి తాళం వెయ్యడం నేరం. శీలం మీద నిందలు వేసి వేధించడం 2005 గృహహింస చట్టం కిందికి వస్తుంది. కొట్టిన దెబ్బ కనబడాలని ఏమీ లేదు. 181కి ఫోను చెయ్యండి, డబ్బు పడదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. మీ ఫోను ఆయన చేతిలో ఉంటే పక్కింటి వదినగారి ఫోనునుంచి చెయ్యండి. ఆవిడ వచ్చి అడిగితే మీరు ఇవ్వండి, ఎందుకని అడక్కుండా.