గట్టు తగాదా వాళ్లది, ఎండేది మన మడి

ఈసారి పోస్టు పంట గురించి కాదు, పంట కోసం మనం రోజూ చూసే వీడియోల గురించి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదవండి.

వరిలో ఆకుముడత కనిపించినా, మోటారు స్టార్టరు మొరాయించినా, గేదె పాలు చేపకపోయినా ఇప్పుడు మనలో చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీసి యూట్యూబ్‌లో వెతకడం. అది ఎప్పుడూ ఉంటుందిలే అనుకుంటాం. కాలువ కింద సేద్యం చేసేవాళ్లకి మాత్రం ఒక సంగతి బాగా తెలుసు. కాలువలో నీళ్లున్నంత మాత్రాన మన మడికి నీళ్లున్నట్టు కాదు. మధ్యలో తూము ఉంది, ఆ తూముకి షట్టరు ఉంది. వీడియోకి కూడా అలాంటి షట్టరు ఒకటుంది. దాని తాళం ఉన్న కంపెనీకీ పక్క కంపెనీకీ తగాదా వస్తే ఏమవుతుందో చూద్దాం. ఇది ఊహ కాదు, ఇప్పటికే జరిగింది.

2013 సంగతి. నోకియా లూమియా ఫోన్లు గుర్తున్నాయా? ఎరుపు, పసుపు, నీలం రంగుల డిప్పలతో వచ్చేవి. లూమియా 520 పదివేల ప్రాంతంలో దొరికేది కాబట్టి మన దేశంలో బాగానే అమ్ముడుపోయింది. ఫోన్ నోకియాది. లోపల దాన్ని నడిపేది మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్. యూట్యూబేమో గూగుల్‌ది. ఆ గూగుల్‌కి సొంతంగా ఆండ్రాయిడ్ ఉంది. అంటే ఇద్దరూ ఒకే సంతలో ఒకే సరుకు అమ్ముకునేవాళ్లు.

విండోస్ ఫోన్ వాడేవాళ్ల కోసం గూగుల్ సరైన యూట్యూబ్ యాప్ చేసివ్వలేదు. ప్రపంచం మొత్తం మీద అమ్ముడయ్యే స్మార్ట్‌ఫోన్లలో వాటి వాటా అప్పటికి నూటికి నాలుగు లోపే. దాంతో మైక్రోసాఫ్ట్ తానే ఒక యాప్ తయారుచేసి 2013 మే నెలలో వదిలింది. అందులో ప్రకటనలు రావు, వీడియోలు డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. గూగుల్ ఊరుకుంటుందా? మే 15న లేఖ పంపింది, 22వ తేదీ కల్లా ఆ యాప్ తీసెయ్యమని. ప్రకటనలు చూపించడానికి మాకేం అభ్యంతరం లేదు, దానికి కావాల్సిన సాంకేతిక వివరాలు మీరివ్వండి అన్నట్టు మైక్రోసాఫ్ట్ జవాబిచ్చింది. నెలాఖరుకి ఇద్దరూ కలిసి పనిచేస్తామని ప్రకటించారు. హమ్మయ్య, రాజీ కుదిరింది అనుకున్నారు జనం.

ఆగస్టు 13న కొత్త యాప్ వచ్చింది. ఈసారి ప్రకటనలు వస్తున్నాయి, డౌన్‌లోడ్ తీసేశారు. రెండు రోజులు తిరక్కుండానే గూగుల్ దాన్ని ఆపేసింది. యాప్‌ని హెచ్‌టీఎంఎల్5 అనే పద్ధతిలో, అంటే వెబ్‌సైట్లు కట్టే పద్ధతిలో తయారుచెయ్యాలి, మీరు అలా చెయ్యలేదు అని కారణం చెప్పింది. మీ ఆండ్రాయిడ్ యాప్, ఐఫోన్ యాప్ ఆ పద్ధతిలో లేవు కదా, ఆ నిబంధన మాకొక్కరికేనా అని మైక్రోసాఫ్ట్ బహిరంగంగానే అడిగింది. చివరికి అక్టోబరులో మైక్రోసాఫ్టే తగ్గింది. యాప్ అని పేరు ఉంటుంది గానీ, నొక్కితే యూట్యూబ్ మొబైల్ వెబ్‌సైట్ తెరుచుకునేది, అంతే.

మరి ఇందులో తప్పెవరిది? తిలాపాపం తలా పిడికెడు అంటాను నేను.

గూగుల్ వాదనలో న్యాయం లేకపోలేదు. యూట్యూబ్‌లో వీడియో పెట్టేవాళ్లలో మనలాంటి రైతులూ ఉన్నారు. మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం వీడియో చేసినవాళ్లకి వెళ్తుంది. ప్రకటనలు తీసేసి చూపిస్తే వాళ్ల కష్టం ఊరికే పోయినట్టే. ఇంకొకడు పండించిన పంటని మన బండి మీద పెట్టుకుని ఉచితంగా పంచిపెట్టి మంచివాళ్లం అనిపించుకోవడం మర్యాద కాదు. మొదటి యాప్‌లో మైక్రోసాఫ్ట్ చేసింది అదే.

కానీ ఆగస్టు యాప్‌లో ఆ తప్పు దిద్దుకున్నారు. అప్పుడు కూడా షట్టరు దించారంటే అది వీడియో చేసినవాళ్ల కోసం అని నమ్మమంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఇంకో ముచ్చట చూడండి. 2013లో ఏ డౌన్‌లోడ్ మీదైతే అంత గొడవ చేశారో, 2014 డిసెంబరులో గూగులే మన దేశంలో వీడియోని ఫోన్‌లో దాచుకుని తర్వాత చూసే సదుపాయం ఇచ్చింది. అయితే ప్రకటనలు ఉంటాయి, 48 గంటల గడువు ఉంటుంది. సిగ్నల్ సరిగా రాని చోట ఇది అవసరమని వాళ్లకీ తెలిసిందన్నమాట. తెలిసినప్పుడు పక్క కంపెనీ ఫోన్ కొన్నవాడికి కూడా ఆ అవసరం ఉంటుందని తెలియదా?

మైక్రోసాఫ్ట్ ఏమైనా సాధువా అంటే అదీ కాదు. గురివింద తన నలుపెరగదు. విండోస్‌లో తన సొంత మీడియా ప్లేయర్‌ని అంటగట్టి మిగతా కంపెనీలకి చోటు లేకుండా చేసిందని 2004లో ఐరోపా కమిషన్ మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంటే ఆ రోజుల్లో వీడియో తూము దగ్గర కూర్చున్నది ఈయనే. తొమ్మిదేళ్లు తిరిగేసరికి కాలువ చివరకి వచ్చి నీళ్లు రావడం లేదని అరిచాడు. ఎగువన ఉన్నప్పుడు ఒక న్యాయం, దిగువకి వచ్చాక ఇంకో న్యాయం. మన కాలువల మీద మనం చూడనిదా ఇది!

సరే, అది ఒక్కసారి జరిగిన గొడవ అనుకుందామంటే కాదు. ఇలాంటిదే గూగుల్‌కీ అమెజాన్‌కీ నడిచింది, ఈసారి టీవీల మీద. టీవీకి గుచ్చుకుని వీడియోలు చూసే గూగుల్ క్రోమ్‌కాస్ట్‌ని 2015లో అమెజాన్ తన దుకాణంలో అమ్మడం మానేసింది. తన ప్రైమ్ వీడియో దాని మీద సరిగా పనిచెయ్యదని సాకు. ప్రైమ్ వీడియోని దాని మీదకి రానివ్వాల్సింది కూడా అమెజానే! 2017లో గూగుల్ తిరిగి కొట్టింది. అమెజాన్ వారి తెర ఉన్న ఎకో షోలో యూట్యూబ్ ఆపేసింది. 2018 జనవరి 1 నుంచి ఫైర్ టీవీలో కూడా రాదని డిసెంబరులో చెప్పేసింది. మన దేశంలో ఫైర్ టీవీ స్టిక్ 3,999 రూపాయలకి అమ్మడం మొదలుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తర్వాత అమెజాన్ బ్రౌజర్ ద్వారా దొడ్డిదారి చూపించింది. 2019 ఏప్రిల్‌లో రాజీపడ్డారు, జులైలో యాప్ మళ్లీ వచ్చింది. ఏడాదిన్నర!

ఆ ఏడాదిన్నరలో గూగుల్ దివాలా తియ్యలేదు, అమెజాన్ మూతపడలేదు. ఇబ్బంది పడింది ఎవరయ్యా అంటే, డబ్బు పోసి స్టిక్ కొన్నవాడు. ఎద్దులూ ఎద్దులూ పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయన్నట్టు.

ఈ రెండు గొడవల్లోనూ నాకు కోపం తెప్పించేది ఒకటే. ఇద్దరూ మాట్లాడేది మన పేరు మీదే. మా వినియోగదారుల మేలు కోసమే అని ఇటువైపు, మా వినియోగదారుల హక్కు కోసమే అని అటువైపు. ఆ వినియోగదారుణ్ణి మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. వీడియో చేసి పెట్టినవాణ్ణీ అడగలేదు. ఫలానా ఫోన్ వాళ్లకి నీ వీడియో సరిగా అందకపోతే నీకు సమ్మతమేనా అని ఎవరైనా అడిగారా?

కొందరంటారు, వాళ్ల సొత్తు, వాళ్ల ఇష్టం, మనకేం హక్కుంది అని. దీనికి రైతు దగ్గర జవాబుంది. పొలం నా సొంతమే. కానీ ఒకే చెక్కని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు లోపలి ముక్కకి వేరే దారి లేకపోతే, బయటి ముక్క తీసుకున్నవాడు దారి ఇవ్వాల్సిందే. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టంలోనే ఆ హక్కు ఉంది. సొంతం అన్నంత మాత్రాన కంచె వేసి ఇంకొకడి బతుకు ఆపే హక్కు రాదు. ఊరి మొత్తానికి ఉన్నది ఒక్కటే దారి అయినప్పుడు ఆ దారికి కొన్ని ధర్మాలుంటాయి. యూట్యూబ్ ఇప్పుడు అలాంటి దారి.

ఐరోపా వాళ్లకి ఈ సంగతి అర్థమైంది. డిజిటల్ మార్కెట్ల చట్టం కింద 2023 సెప్టెంబరులో ఆరు పెద్ద కంపెనీలకి గేట్‌కీపర్లు అని పేరు పెట్టారు. అంటే మన భాషలో తూము కాడ కూర్చున్నవాళ్లు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్, అమెజాన్, మైక్రోసాఫ్ట్, ముగ్గురూ అందులో ఉన్నారు. ఆపిల్, మెటా, బైట్‌డాన్స్ మిగతా మూడు. యూట్యూబ్ పేరు కూడా విడిగా ఆ జాబితాలో ఉంది. మన దగ్గర కూడా పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2024 మార్చిలో డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా ఒకటి బయటపెట్టారు. మంచిదే. కానీ ఈ కమిటీల్లో, చర్చల్లో వినపడేది కంపెనీల గొంతు. కొన్నవాడి గొంతు ఏది?

మన పల్లెలకి దీంతో సంబంధం ఏముంది అనేవాళ్లకి జియోఫోన్ గుర్తుచేస్తాను. 2017లో 1,500 డిపాజిట్‌కి వచ్చింది. మొదట దాంట్లో వాట్సాప్ లేదు. 2018 జూన్ చివర్లో, ఆ ఫోన్‌ని నడిపే కైఓఎస్ కంపెనీలో గూగుల్ 2.2 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. తర్వాత కొద్ది రోజులకే, జులైలో, వాట్సాప్‌తో పాటు యూట్యూబ్ కూడా ఆ ఫోన్‌లోకి వస్తోందని రిలయన్స్ ప్రకటించింది. పెద్దవాళ్లు చేతులు కలిపితే చిన్న ఫోన్‌లోకి కూడా వీడియో వస్తుంది. చేతులు విడిస్తే పెద్ద ఫోన్‌లోంచి కూడా పోతుంది. మధ్యలో మనం మంచి ఫోన్ కొన్నామా, చెడ్డ ఫోన్ కొన్నామా అన్న ప్రశ్నే లేదు.

అందుకని నేననేది మూడు మాటలు.

మొదటిది. అమ్మేటప్పుడు ఫలానా యాప్ పనిచేస్తుందని పెట్టె మీద రాసి అమ్మితే, అది కంపెనీల తగాదా వల్ల పోకూడదు. పోతే ముందుగా గడువు ఇవ్వాలి, కొన్నవాడికి డబ్బు తిరిగి కట్టాలి. విత్తనం మొలకెత్తకపోతే నష్టపరిహారం అడుగుతాం కదా, ఇదీ అంతే.

రెండోది. ఎంత తగాదా ఉన్నా బ్రౌజర్‌లో చూసే దారిని ఎవరూ మూయకూడదు. రెండు గొడవల్లోనూ చివరికి జనాన్ని ఆదుకున్నది ఆ దారే. అది ఎవరి దయా కాకుండా హక్కుగా ఉండాలి.

మూడోది మనకి దగ్గరిది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ప్రజల డబ్బుతో చేసే వీడియోలు ఒక్క యూట్యూబ్‌లోనే ఉంటే సరిపోదు. వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి, ఏ ఫోన్‌లోనైనా డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి. యూట్యూబ్ వద్దని కాదు, ఉండనివ్వండి. కానీ ఊరందరి విత్తనాలూ ఒకే షావుకారు గాదెలో పెట్టి తాళం ఆయన చేతికే ఇస్తామా?

ఈలోగా మనం చెయ్యగలిగింది కూడా ఉంది. వీడియోలో చెప్పిన మందు పేరు, మోతాదు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగే ముందు, ఇందులో ఏ యాప్‌లు పనిచెయ్యవు అని అడగండి. మీ దగ్గర్లో వ్యవసాయ అధికారి ఉంటే ఈ మూడోమాట ఆయన చెవిన వెయ్యండి.

కంపెనీలు రేపు మళ్లీ పోట్లాడుకుంటాయి, మళ్లీ కలుస్తాయి. వాటి వ్యాపారం వాటిది. మన మడికి నీళ్లు ఆగకుండా చూసుకోవడం మన పని.