మూగజీవికీ చోటుందా?

తుఫాను హెచ్చరిక రాగానే అధికారులు పునరావాస కేంద్రాలు తెరుస్తారు. అయినా కొందరు ఇల్లు కదలరు. 'మేకను ఎవరికి అప్పజెప్పి రావాలి? కుక్క ఏమైపోవాలి?' అంటారు. అది మొండితనమని మనం విసుక్కుంటాం. నిజంగా మొండితనమేనా?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చింది. రేపల్లె వైపు లంక గ్రామాలవారు బిక్కుబిక్కుమంటూ గడిపారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమంది మనుషులతో పాటు లక్షల పశువులనూ పొట్టన పెట్టుకుంది. ఆ పశువులను మనం రూపాయల్లోనే లెక్కగట్టాం. పేరు పెట్టి పిలుచుకున్న గేదె పోతే ఇంట్లో మిగిలే వెలితి ఏ పద్దులోకీ ఎక్కదు.

తల్లీబిడ్డల అనుబంధంలో పాలుపంచుకునే ఆక్సిటోసిన్ అనే హార్మోను, కుక్కా దాని యజమానీ కళ్లలో కళ్లు పెట్టి చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో వెల్లడించారు. ఈ అనుబంధం బైబిలుకు కొత్త కాదు. నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన ఉపమానంలో (2 సమూయేలు 12) పేదవాడికున్నది ఒక్కటే గొర్రెపిల్ల. అది అతనికి కూతురితో సమానం. దాన్ని లాక్కున్న ధనవంతుడు నాలుగింతలు చెల్లించాలన్నాడు దావీదు. కానీ అతని కోపం అంతటితో చల్లారలేదు. పోయినది వెలతో తీరేది కాదని అతనికి అర్థమైంది.

2005లో అమెరికాలో కత్రినా తుఫానప్పుడు పెంపుడు జంతువులను వదలలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. ఆ మరుసటి ఏడాదే, సహాయ ప్రణాళికల్లో వాటికీ చోటుండాలని అక్కడ చట్టం చేశారు. అది జాలితో చేసిన పని మాత్రమే కాదు. జంతువుకు చోటుంటేనే మనిషి కదులుతాడు.

అయితే ఒక మాట. తెనాలిలోనైనా మరెక్కడైనా పిల్లలు దూరదేశాల్లో స్థిరపడిన వృద్ధులకు కుక్కో పిల్లో తోడుంటే మంచిదే. 'తోడుందిలే' అని మనం పలకరింపు మానుకుంటే మాత్రం తప్పు. మూగజీవి ఒంటరితనాన్ని తగ్గిస్తుంది గానీ, జ్వరమొస్తే మందు తెచ్చివ్వలేదు.

వచ్చే తుఫానుకు ముందే మన వీధిలో ఒంటరిగా ఉన్నవారెవరో, వారింట ఏ జీవి ఉందో తెలుసుకుందాం. 'మీరు రండి' అనడంతో సరిపెట్టక, 'దాన్నీ తీసుకురండి, చోటు చూశాం' అని చెప్పగలుగుదాం.