సముద్రం మెరిసిందా? సెల్ఫీ కొట్టేయండి!

సర్వర్ పడిపోబోతోందని స్క్రీన్ మీద అలర్ట్ వెలిగితే, దాన్ని ఫోటో తీసి "వావ్, ఎంత బాగుందో" అని వాట్సాప్‌లో పెట్టేవాణ్ణి ఏమంటాం? సముద్రం విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా అదే.

2019 ఆగస్టులో చెన్నై బీచుల్లో రాత్రిపూట అలలు నీలంగా మెరిశాయి. అక్కడున్న మా ఫ్రెండ్స్ అర్ధరాత్రి బైకులేసుకుని పరిగెత్తారు. వాళ్లు పంపిన వీడియోలు నేనూ నలుగురికి పంపాను, అబద్ధమెందుకు! ఆ మెరుపు నాక్టిల్యూకా అనే ఏకకణ జీవిది. ఎంత పెరిగినా రెండు మిల్లీమీటర్లు. మరుసటి నెలలోనే మన్నార్ సింధుశాఖలో ఇదే జీవి విపరీతంగా పెరిగి నీళ్లు పచ్చబడ్డాయి, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ ఫోటోలు మాత్రం నాకెవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

అది విషం కక్కి చంపదు. ఒంట్లో అమ్మోనియా పోగేసుకుంటుంది. గుంపులుగా చచ్చి కుళ్లినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది. ఇంక చేపలకి ఊపిరెక్కడిది?

మొన్న లంచ్‌లో ఈ మాటంటే "ఇదంతా సహజమే బాసూ" అన్నాడో కొలీగ్. నిజమే, మెరిసిన ప్రతిసారీ చేపలు చావవు. ప్రవాహాలు, రుతుపవనాలు, సముద్రం అడుగునుంచి పైకొచ్చే పోషకాలు, ఇవన్నీ కారణాలే. కానీ మనం వదిలే మురుగు, పొలాల్లోంచి కొట్టుకొచ్చే ఎరువులు కూడా తీరంలో ఇలాంటి వాటికి మేతే కదా! "సహజం" అని చేతులు దులుపుకోవడం, "నోన్ ఇష్యూ" అని రాసి టికెట్ మూసెయ్యడం రెండూ ఒకటే.

"హైదరాబాదులో సముద్రమెక్కడుంది?" అంటారా? మన ఫ్లాట్ల మురుగు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి, కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి. అంతెందుకు, ఉపగ్రహాల సాయంతో ఈ నాచు తెట్టెల్ని కనిపెట్టి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నదే హైదరాబాదులో. అయితే నీటి రంగు చూసే ఉపగ్రహానికి మబ్బు అడ్డొస్తే ఏమీ కనపడదు. వానాకాలంలో జాలరి కళ్లే దిక్కు. అతని మాట వినే ఏర్పాటు గట్టిగా ఉండాలని అడిగేవాళ్లెంతమంది?

రోజూ లాగ్‌లు చూసి బతికేవాళ్లం. ఈసారి అల మెరిస్తే ఫోటో తీసుకోండి, తప్పులేదు. ఆ తర్వాత మీ అపార్ట్‌మెంట్‌లో మురుగు శుద్ధి ప్లాంటు నిజంగా నడుస్తోందా లేదా అని సెక్రటరీని ఒక్కసారి అడగండి. మా అపార్ట్‌మెంట్లో నేనడిగాను. ఇంకా జవాబు రాలేదు.