ఒళ్ళు దాచుకొనుట – ఒళ్ళు కాచుకొనుట

నల్లమల అడవి అంచున, నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట కలదు. అచటి ఏదో ఒక పల్లెలో చెడుగుడు పోటీ జరుగుచున్నదనుకొనుడు. నలువదేండ్లకు చేరువైన ఆటగాడొకడు బరిలో నిలిచియున్నాడు. ఎదుటి జట్టువాడు కూతకు వచ్చెను. ఎగిరి వాని కాలు పట్టుకొనినచో ఒక పాయింటు వచ్చును; కాని మోకాలు బెణుకు ప్రమాదమును కలదు. ఆ పెద్ద ఆటగాడు ఏమి చేయవలెను?

“బరిలో దిగినవాడు వయసు చెప్పి తప్పించుకొనరాదు” అని కొందరందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. పెద్దవాడు అలసత్వము చూపినచో చిన్నవాడు నేర్చుకొనునది ఆ అలసత్వమునే. “ఒక్క పాయింటుకొరకు అనుభవజ్ఞుడు మూలబడినచో జట్టంతయు నష్టపోవును” అని మరికొందరందురు. ఇదియు త్రోసివేయదగినది కాదు. వయసు పెరిగినకొలది కండరముల బలము తగ్గును. తగిలిన గాయము మానుటకు ఎక్కువ కాలము పట్టును. అమెరికాలోని బేస్‌బాల్ ఆటయందును ఇట్టి వాదమే కలదు. తాను ఔటగుట తథ్యమని తెలిసినను, బంతిని కొట్టిన పెద్ద ఆటగాడు పూర్తి వేగముతో పరుగెత్తవలెనా అని వారును తర్కించుకొందురు.

ఈ తగవును తీర్చుటకు తెలుగువారి ఇంటనే ఒక ఉదాహరణము కలదు. 2010 అక్టోబరులో మొహాలీ నగరమున భారత, ఆస్ట్రేలియా జట్లకు టెస్టు పోటీ జరిగెను. హైదరాబాదు ఆటగాడైన వి.వి.యస్. లక్ష్మణ్‌కు అప్పటికి 35 ఏండ్లు. అతడు వెన్నునొప్పితో బాధపడుచుండెను. రెండవ ఇన్నింగ్సులో గెలుపునకు 216 పరుగులు కావలసియుండగా, భారత జట్టు 124 పరుగులకే ఎనిమిది వికెట్లు కోల్పోయెను. లక్ష్మణ్ చలింపలేదు. ఇషాంత్ శర్మతో కలిసి తొమ్మిదవ వికెట్టునకు 81 పరుగులు చేర్చెను. ఇషాంత్ ఔటయిన పిమ్మట ప్రజ్ఞాన్ ఓజా తోడు నిలువగా, భారత జట్టు ఒక్క వికెట్టు తేడాతో గెలుపొందెను. లక్ష్మణ్ 73 పరుగులతో అజేయుడై నిలిచెను.

ఈ ఉదంతమును చెప్పువారు అతని ఓర్పును మాత్రమే పొగడుదురు. మరి రెండు సంగతులను మరువరాదు. ఆనాడు అతనికి బదులుగా సురేశ్ రైనా వికెట్ల నడుమ పరుగెత్తెను. అప్పటి నిబంధనలు అందులకు అనుమతించెను. 2011లో అంతర్జాతీయ క్రికెట్టునుండి ఆ వెసులుబాటు తొలగింపబడినది. ఇక రెండవది: వెనువెంటనే జరిగిన బెంగుళూరు టెస్టులో లక్ష్మణ్ ఆడలేదు. ఆ పోటీలో చేతేశ్వర్ పుజారా అను యువకుడు తన తొలి టెస్టు ఆడి, రెండవ ఇన్నింగ్సులో 72 పరుగులు చేసెను. ఆ పోటీయందును భారతమే గెలిచెను.

లక్ష్మణ్ ఒళ్ళు దాచుకొనలేదు, నొప్పిని దాచుకొనలేదు. తాను చేయగలిగినదానిని పూర్తిగా చేసెను. చేయలేనిదానికి తోడివాని సాయము గైకొనెను. ఒళ్ళు దాచుకొనుట వేరు, ఒళ్ళు కాచుకొనుట వేరు. శక్తి యుండియు పనినుండి తప్పుకొనుట మొదటిది. అది తోడి ఆటగాండ్రకు చేయు ద్రోహము. తన శక్తిని ఎరిగి, అవసరమైన క్షణమునకై నిలుపుకొనుట రెండవది. అది జట్టునకు చేయు సేవ.

కావున చెడుగుడు బరిలోని ఆ పెద్ద ఆటగాడు గెలుపోటములు తేలు క్షణమున ఎగురవలసినదే. గెలుపు చేతికి వచ్చిన పిమ్మట, చూపరుల చప్పట్లకొరకు మోకాలిని పణముగా పెట్టుట పౌరుషము కాదు, ఆడంబరము. అయినను ఎగురని వేళ అతడు ఊరకుండరాదు. తోడివాని చేయి పట్టి గొలుసును నిలుపుట, ప్రత్యర్థి అడుగును కనిపెట్టుట, చిన్నవానిని హెచ్చరించుట – ఇవియు శ్రమయే. వీనికి వయసు అడ్డురాదు.

బాలబాలికలారా! గట్టుపై నిలిచి పెద్ద ఆటగాని నెమ్మదిని చూచి నవ్వకుడు. అతడు ఒళ్ళు దాచుకొనుచున్నాడా, కాచుకొనుచున్నాడా అని ముందుగా పరికింపుడు. మీకు దెబ్బ తగిలిననాడు దానిని దాచక ఉపాధ్యాయునితో చెప్పుడు. దెబ్బ లేనినాడు మాత్రము, ఉన్నదని చెప్పకుడు.