చలివేళ సైకిలు సవారి: లావుపాటివారి ఉడుపులు



హైదరాబాదు చలియు నొక చలియేనా యని ఉత్తరదేశమునుండి వచ్చినవారు నవ్వుదురు. నిజమే. డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున ఇచ్చట సాధారణముగా 14, 15 డిగ్రీల వేడిమి యుండును. కొన్ని దినములలో 10 డిగ్రీలకు దిగువకు జారును. బేగంపేటలో నమోదైన వానిలో మిక్కిలి తక్కువది 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు. దుప్పటి కప్పుకొని కాఫీ త్రాగుచు కూర్చున్నవారికి ఇది యొక ముచ్చట. కాని అబిడ్స్ కూడలిలో సైకిలెక్కి, బషీర్‌బాగు మీదుగా ట్యాంకుబండు చేరి చూడుడు. ఆకు కదలని వేళ గూడ సైకిలు తన గాలిని తానే పుట్టించుకొనును. గంటకు 15 కిలోమీటరులు పోవువారికి అంత వేగముతోనే ఎదురుగాలి తగులును. హుస్సేన్‌సాగరము మీది తేమగాలి దానికి తోడైనచో వ్రేళ్ళు బ్రేకును పట్టజాలవు, చెవులు పోటెత్తును, మోకాళ్ళు పట్టివేయును.

ఈ మాసము మా ఉడుపుల శీర్షికలో అట్టి వేళ సైకిలు త్రొక్కు స్త్రీల దుస్తులను గూర్చి, అందును మావలె లావుపాటి వారి దుస్తులను గూర్చి వ్రాయదలచితిమి. లావుపాటి యని వ్రాయుటకు మాకు సంకోచము లేదు. మా రొమ్ము కొలత 46 అంగుళములు, తుంటి కొలత 50. ఈ రెండంకెలను దాచుకొన్నంతకాలము మాకు సరియైన బట్ట దొరకలేదు.

సంగతి యిది. మా యిల్లు నాంపల్లి స్టేషనుకు దగ్గర. మూడేండ్ల క్రిందట మా వైద్యురాలు రక్తములో చక్కెర హద్దుమీద నున్నదని చెప్పి, మోకాళ్ళపై భారము పడని వ్యాయామ మేదైన చేయుమనిరి. దేహభారములో ఎక్కువ పాలు గద్దెమీదనే పడును గనుక మా మోకాళ్ళకు నడకకంటె సైకిలే సుఖముగా తోచినది. ఆషాఢములో మొదలుపెట్టి, దీపావళి వరకు వారమునకు అయిదు దినములు పబ్లిక్ గార్డెన్సు ప్రక్కనుండి లకడీకాపూల్ మీదుగా నెక్లెస్ రోడ్డుదాక పోయి వచ్చుచుంటిమి. అంతలో చలి వచ్చినది. మాకున్నవి నూలు పంజాబీ డ్రెస్సు, పైన మా వారి పాత స్వెట్టరు. అది తుంటివద్ద పట్టివేసి, ముందుకు వంగినపుడు వెనుక పైకి లేచి నడుమును గాలికి విడిచెడిది. నాలుగు దినములు ఓర్చుకొంటిమి. అయిదవనాడు అలారము మ్రోగినను లేవలేదు. ఫిబ్రవరి చివరివరకు లేవనేలేదు. మార్చిలో చేయించిన పరీక్షలో అంకె హద్దు దాటినది. ఇదంతయు సోమరితనమని ఇంటిలోనివారనిరి; మేమును అట్లే అనుకొని సిగ్గుపడితిమి. బట్ట లేకపోవుటయే కారణమని అప్పుడు తోచలేదు.

మరుసటియేడు కార్తికములోనే బట్టలకై బయలుదేరితిమి. అబిడ్స్ అన్న పేరే ఒక అంగడివలన వచ్చినది: ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వద్ద కొలువుచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనునతని దుకాణము అచ్చట నుండెడిది. నాటినుండి కొనుగోళ్ళకు పేరుపడిన పేట గదా, మాకొక్కరికి బట్ట దొరకదా యని ఆశ. ఒక అంగడిలో సైకిలు దుస్తులు వ్రేలాడుచుండుట చూచి లోనికి పోతిమి. అచ్చటి చిన్నవాడు మమ్ము ఆపాదమస్తకము చూచి, “ఆంటీ, మీ సైజు రాదు. జెంట్స్‌లో చూడండి” అనెను. చూచితిమి. మగవారి దుస్తులలో అన్నిటికంటె పెద్దది తీసి తొడిగికొనగా భుజములు మోచేతులవైపు జారినవి, చేతులు వ్రేళ్ళను మించిపోయినవి, జిప్పు మాత్రము తుంటివద్ద ఆగిపోయినది. పొడుగైన బట్టను అడిగినామా? వెడల్పైన బట్టను అడిగితిమి. అద్దములో చూచుకొని నవ్వు వచ్చినది గాని, ఇంటికి వచ్చినపిదప ఆ నవ్వు నిలువలేదు.

ఇందులో ఆ చిన్నవాని తప్పేమియు లేదు. రెడీమేడు బట్టలు కుట్టువారు సన్నని దేహమునకొక నమూనా గీసి, దానినే అన్ని వైపుల కొంచెము కొంచెము సాగదీసి పెద్ద సైజులు చేయుదురు. మనిషి లావెక్కునపుడు చేతులు పొడవు పెరుగునా? ఎముక యున్నచోటనే యుండును. పొట్ట, తుంటి, తొడ, పై చేయి పెరుగును. సైకిలు దుస్తులలో చాలభాగము పందెములవారి కొలతలతో, ఒంటికి అంటునట్లు కత్తిరింపబడును. పైగా మన దేశపు రెడీమేడు కొలతలు చాలవరకు పరదేశపు పట్టికలనుండి తెచ్చుకొన్నవి. ఈ లోపము తెలిసియే నిఫ్ట్ అను జాతీయ ఫ్యాషను విద్యాసంస్థ ‘ఇండియాసైజ్’ పేరిట భారతీయుల దేహములను యంత్రముతో కొలుచు పని చేపట్టినది. కొలతలకై ఎంచుకొన్న నగరములలో మన హైదరాబాదు ఒకటి.

సైకిలు స్త్రీల చేతికి వచ్చినప్పటినుండి బట్టల తగవు గూడ వెంట వచ్చుచునే యున్నది. 1898లో ఇంగ్లండులోని సర్రే సీమలో హార్బర్టన్ ప్రభువుగారి భార్య సైకిలుమీద పోవుచు ఒక హోటలులో భోజనమునకు దిగగా, ఆమె లాగు తొడిగినదని కాఫీగదిలోనికి రానీయక మద్యశాలవైపు పొమ్మనిరి. సైకిలు సవారీదారుల సంఘమువారు మరుసటియేడు వ్యాజ్యము నడిపిరి, హోటలువారే గెలిచిరి. కాని మాకు ఆమెకంటె ఆలిస్ బైగ్రేవ్ అను లండను దర్జీ ఎక్కువ నచ్చినది. ఆమె 1895లో పావడాకు లోపల త్రాళ్ళు, చిన్న కప్పీలు అమర్చి, సైకిలెక్కినపుడు లాగగానే ముందువెనుకల బట్ట పైకి లేచునట్లు చేసి పేటెంటు పొందినది. అంగడిలో లేనిది సూదితో చేసికొన్నది.

మేమును చివరకు సూదినే ఆశ్రయించితిమి. నాంపల్లిలో ఒక సందులో కుర్తా పైజామాలు కుట్టు వృద్ధుడైన దర్జీ కలడు. సైకిలు బట్టలు ఎన్నడును కుట్టలేదని ముందే చెప్పెను. పిదప ఒక స్టూలు చూపి, “ఆపా, సైకిల్ మీద ఎట్ల కూసుంటరో అట్ల కూసోండి” యనెను. చేతులు ముందుకు చాచి బల్లపై ఉంచితిమి. అతని కోడలు వచ్చి కొలతలు తీసినది. నిలుచున్నపుడు మెడ ఎముకనుండి నడుము దిగువకు 24 అంగుళములున్న వీపు, వంగి కూర్చున్నపుడు 27½ అయినది. తుంటి 50 నుండి 53 అయినది. ముందువైపు పొడవు మాత్రము తగ్గినది. నలుబదియేండ్లుగా కుట్టించుకొనుచున్నాము గాని, కూర్చుండబెట్టి మమ్ము కొలిచినవారు అంతకుముందు లేరు.

సోదరీమణులు మీ దర్జీకి చెప్పవలసిన మాటలు వ్రాయుచున్నాము. పాతపద్ధతి కుర్తాలో చంకక్రింద చతురస్రముగా వేయు ముక్కను చౌబగ్లా యందురు. అది యున్నచో చేతులు ముందుకు చాచినను బట్ట వీపున పట్టదు. నడుమునుండి అంచువరకు ప్రక్కలందు వేయు ఏటవాలు ముక్కలు కలీలు. తుంటికి కావలసిన వెడల్పును భుజములు పెంచకుండ ఇచ్చునవి ఇవియే. సల్వారునకు రెండు కాళ్ళ నడుమ వేయు ముక్క మియానీ. దీనిని మాత్రము మరువకుడు. రెడీమేడు పాంట్లలో నాలుగు కుట్లు వచ్చి ఒక్కచోట కలియును. గద్దెమీద ఆనునది సరిగా ఆ చోటే. లావుపాటి తొడలకు అచ్చటనే ఒరపిడి కలిగి, రెండవనాటికి మంట పుట్టి, మూడవనాడు సైకిలు మూలబడును. మియానీ వేసినచో కుట్లు ప్రక్కలకు తొలగును. నేలపై బాసిపట్లు వేసికొని కూర్చుండుటకు మన పెద్దలు కనిపెట్టిన ఏర్పాటు సైకిలుకును చక్కగా నప్పినది. ఒరపిడి మిక్కిలిగా నున్నవారు లోపల గద్దీ కుట్టిన లాగు తొడిగికొనవచ్చును. అంతవరకు తొడలకు కొబ్బరినూనె రాసికొనుడు.

వీపు ముందుకంటె 3 అంగుళములైన పొడవుండవలెను. సల్వారు నడుముకట్టు ముందు తగ్గి వెనుక హెచ్చియుండవలెను. లేనిచో పొట్టను నొక్కుచు ఊపిరి ఆడనీయదు. మోరీ ఇరుకుగా పెట్టించుడు, గొలుసులో పడదు. చున్నీ ఇంటిలోనే విడువుడు.

ఇక గుడ్డ సంగతి. ఒంటికి తగులునది నూలు కారాదు. ఈ మాట మీకు వింతగా నుండును, మాకును ఉండెను. లావుపాటివారికి త్రొక్కునపుడు వీపున, రొమ్మున చెమట ధారాళముగా పట్టును. నూలు ఆ చెమటను త్రాగి విడువదు. కూడలిలో దీపము ఎర్రబడి ఆగినంతనే తడిగుడ్డ చుట్టినట్లు వణకు పుట్టును. సన్నని ఉన్ని తన బరువులో మూడవవంతు తేమను పీల్చుకొనియు తడిసినట్లు తోపదు, వెచ్చదనమును విడువదు. గరుకు పడనివారికి పాలియెస్టరు అల్లిక బనీను చాలును. దానిపై స్వెట్టరో ఉన్ని కుర్తాయో. అన్నిటిపైన చేతులులేని సద్రీ. మా సద్రీకి ముందు మాత్రము గొడుగుగుడ్డ వంటి నైలాను వేయించి, వీపున పలుచని గుడ్డ వేయించితిమి. గాలి ముందునుండియే వచ్చును గదా. వీపును గూడ మూసినచో లోపల ఉడికిపోవుదుము. ఇంత ఖర్చు వద్దనువారికి మరియొక ఉపాయము కలదు. ఐరోపాలో పందెపు సైకిళ్ళవారు కొండదిగునపుడు రొమ్ముమీద వార్తాపత్రిక దోపుకొనెడివారు. మేమును దోపుకొని చూచితిమి. చప్పుడు చేయును గాని గాలి నాపును.

చేతితొడుగులు, చెవులు మూయు టోపీ అందరికి సరిపోవునవి ఎక్కడనైన దొరకును. జనవరిలో ఇచ్చట 6 గంటల 45 నిమిషములు దాటినగాని సూర్యుడుదయింపడు. ముందే బయలుదేరువారు వీపున దీపపు వెలుగుకు మెరయు పట్టీ ఒకటి కుట్టించుకొనవలెను.

ఉన్ని కొనుటకు నాంపల్లి నుమాయిషును మించినది లేదు. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, 1946లో ఇప్పటి మైదానమునకు మారినది. ఏటేట జనవరి 1వ తేదీన తెరచుట వాడుక. కాశ్మీరు దుకాణములలో శాలువలు, స్వెట్టర్లు కుప్పలుగా నుండును. స్త్రీలకే కేటాయించిన దినము ఒకటి యుండును. ఆనాడు పోయినచో మగవారి నడుమ తొడిగి చూచు బిడియము తప్పును. తొడిగిన పిదప అద్దము చూడకుడు. అక్కడనే బల్లమీద కూర్చుండి చేతులు ముందుకు చాచుడు. నిజమైన ఉన్నియో కాదో తెలియుటకు ఒక పోగు కాల్చి చూతురు: ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి పొడియగును, కృత్రిమపు నూలు కరగి ముద్దయగును. ఈ పరీక్ష ఇంటికి వచ్చి చేయుడు. 2019 జనవరి 30వ తేదీ రాత్రి ఆ మైదానములోనే అనేక దుకాణములు కాలిపోయినవి. అచ్చట అగ్గిపుల్ల గీయుట తగదు. నుమాయిషు వచ్చుసరికి చలి సగము గడచును గనుక, కార్తికములోనే సల్వారు, సద్రీ కుట్టించుకొని, స్వెట్టరు మాత్రము జనవరికి ఉంచుకొనుట మేలు.

గడచిన రెండు చలికాలములలో మేము సైకిలు మానిన దినములు చాల తక్కువ; అందు కొన్ని బంధువుల పెండ్లిండ్లకు పోయినవి. చక్కెర అంకె మరల హద్దులోనికి దిగినది. అది యంతయు సైకిలు చలువయేనా యని అడుగగా వైద్యురాలు ఒప్పుకొనలేదు. రాత్రిపూట అన్నము మానుటయు గలదనిరి. మా ప్రక్కవాటా సోదరి, మాకంటె రెండు చేతులు వెడల్పు గలామె, నిన్ననే ఆ దర్జీకోడలివద్ద కొలతలిచ్చి వచ్చినది. సద్రీకి వెనుక జేబు పెట్టించుకొనువారు ఎడమప్రక్కకు పెట్టించుకొనుడు. మాది నడుమ పెట్టించితిమి. ఇంటి తాళపుచెవి వెన్నెముకకు గ్రుచ్చుకొనుచున్నది.